దమ్ పట్టేవాడు

గ్యుమ్రీలో చలికాలం.
నల్లరాతి గోడలకి మంచు సున్నం కొట్టి పోతుంది.
వీధి చివర కొట్లో చెప్పులు కుట్టే ముషెగ్
నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడతాడు,
అందుకే కాబోలు తక్కువ మాట్లాడతాడు.

పొద్దు వాలితే మేకులు డబ్బాలో ఉమ్మి
కోటు లోపలి జేబులోంచి దుదుక్ తీస్తాడు.
జానెడున్నర ఆప్రికాట్ కర్ర,
దాని మూతికి ఏటి ఒడ్డు రెల్లు పీక.
పీకని టీలో ముంచి నానబెడతాడు.
ఆ టీ తర్వాత తనే తాగుతాడు.

అయితే పాట అతనిది కాదు.
పాట వరాజ్దాత్‌ది.
ఇస్త్రీ చొక్కా, పొయ్యికి దగ్గర కుర్చీ,
మొదటి గ్లాసు, ఆడవాళ్ళ చూపులు అతనివి.
రాగం కొండెక్కడం, లోయలో జారిపడడం,
పడ్డచోట కాసేపు ఏడ్చి
దుమ్ము దులుపుకుని లేవడం
అన్నీ అతనివి.
ముషెగ్‌ది ఒక్క స్వరం.
మొదట్నుంచి చివరిదాకా అదే, అక్కడే.

దాన్ని దమ్ అంటారు ఆ ఊళ్ళో.
దమ్ము అనే మాటతో పెరిగినవాణ్ణి,
అర్థం అడగబుద్ధి కాలేదు.

విసుగు రాదా అని మాత్రం అడిగాను ఒకసారి.
ఉబ్బిన బుగ్గని వేలితో పొడిచి చూపించాడు.
ముక్కు కొత్త గాలి తెస్తుంటే
బుగ్గ పాత గాలి ఇస్తుండాలట,
మధ్యలో దారం తెగకూడదట.
తెగితే?
"పైన వాయించేవాడి కాళ్ళ కింద నేల పోతుంది."

ఆ ఊళ్ళో నేల పోవడమంటే ఏమిటో
ఒకరికొకరు చెప్పుకోరు.
పదకొండూ నలభై ఒకటి అని ఎవరి నోటైనా వస్తే
బల్ల మీద చెంచాలు ఆగిపోతాయి.

వరాజ్దాత్‌కి రాత్రికి ఇరవై వేల ద్రామ్‌లు,
ముషెగ్‌కి ఏడు.
ఒక్క స్వరానికి ఏడు వేలు ఎక్కువేనని
పెళ్ళివారింట్లో ఎవరో నవ్వారు.
ముషెగ్ కూడా నవ్వాడు.

ఫిబ్రవరిలో వరాజ్దాత్ పోయాడు,
మెట్ల మీద, చంకలో వెచ్చటి రొట్టెతో.
ఊరందరి శవాల ముందూ వాయించినవాడికి
వాయించేవాడు కరువయ్యాడు.
వనాద్జోర్ నుంచి ఒకణ్ణి పిలిపిద్దామన్నారు బావమరదులు.
శుషానిక్ వద్దంది.
"ఆయన పాట ఆయన పట్టుకుపోయాడు.
కిందది ఉందిగా, అది చాలు."

ముషెగ్ పీక నానబెట్టాడు.
ఈసారి టీ తాగలేదు.

ఒక్క స్వరం.
గది ఎదురుచూసింది పాట మొదలవుతుందని.
ఎవరో దగ్గారు. ఎవరో తలుపు వేశారు.
ఒక్కటే స్వరం,
ఇంటి కింద పారే నీళ్ళలా,
ఎక్కడికీ వెళ్ళదు, ఎక్కడా ఆగదు.
అప్పుడు, ఎంతసేపటికో,
బస్సు నడిపే హ్రాంత్ పెదవులు కదిలాయి.
గోడవారన ఒక ముసలమ్మ వేళ్ళు
ఒళ్ళో ఇంకేదో తాళం వేస్తున్నాయి.
ఒకరి పాట ఇంకొకరిది కాదు.
శుషానిక్ తల ఎత్తింది,
పై గదిలోంచి ఎవరో పిలిచినట్టు.
లేని పాట ఎంత పెద్దదో
ఆ గది పట్టలేక కిటికీ అద్దాలు చెమర్చాయి.

నాకు వాళ్ళ పాటలేవీ రావు.
అయినా ఒకటి విన్నాను.
ఏది విన్నానో చెప్పను.

స్వరం తెగలేదు.
కళ్ళలోంచి కారి మూతి దగ్గర కలిసిపోతున్నా తెగలేదు.
పెట్టె గుమ్మం దాటేదాకా,
మంచులో అడుగుల చప్పుడు సన్నబడేదాకా.

మర్నాడు నా బూటు అడుగు ఊడితే తీసుకెళ్ళాను.
నోట్లో మేకులు.
రేపు రమ్మని తలూపాడు.
కుడి బుగ్గ
ఇంకా కొంచెం ఉబ్బే ఉంది.