పొలుసు కింద

రోస్త్ దీవిలో మార్చి.
పడవ దిగిన కాడ్ చేపలు ఇంకా నోళ్లు తెరుస్తుంటాయి.
నాది కత్తి పని కాదు, కత్తి తర్వాతి పని.
చీరిన పొట్టలోంచి కార్జం తీసి
పిత్తం తిత్తి చిట్లకుండా విడదీసి
తొట్టిలో వేయాలి.
చిట్లిందా, తొట్టి తొట్టంతా చేదు.

ఇరవై ఆరేళ్లుగా కార్జాలు పట్టిన చేతులివి.
మంచిది వేళ్ల మధ్య జారిపోతుంది
మీగడ రంగులో, నూనె కారుతూ.
(చేపకి కొవ్వు పట్టడమే ఆరోగ్యం.)
చెడ్డది కంటికంటే ముందు బొటనవేలికి తెలుస్తుంది:
కాస్త గరుకు, లోపల నార కట్టినట్టు.
పక్కకి విసిరేస్తాను. ఆలోచించను.

పొలుసులు చేపకీ ఉన్నాయి, నాకూ ఉన్నాయి.
దానివి దాన్ని కాయడానికి.
నావి దేనికో ఎవరూ చెప్పలేదు.
మోచేతుల మీద, మోకాళ్ల మీద, జుట్టు మొదట్లో
వెండి పొట్టు.
నల్ల స్వెట్టర్ వేసుకునేదాన్ని కాదు.
మూడు వందల మంది ఉన్న ఊళ్లో
నా చర్మం అందరూ చదివిన ఉత్తరం.
ఉప్పునీళ్లలో నానమన్నారు, చేపనూనె పూయమన్నారు,
మా అత్త హిల్బోర్గ్ అయితే
కోపం తగ్గించుకోమంది.
అందరూ ఇంటి పైకప్పు గురించే మాట్లాడారు.
పొయ్యి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.
నేనూ వెళ్లలేదు.

తర్వాత మాత్రలొచ్చాయి.
ఆదివారం రాత్రి, వారానికి ఒక్కసారే.
రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని
డబ్బా మీద నర్సు ఎర్ర సిరాతో గీత గీసింది, రెండుసార్లు.
సోమవారం నోట్లో ఇనుము రుచి.
మూడు నెలలకోసారి రక్తం.
వేసవికల్లా మోచేతులు చేప కడుపంత నునుపు.
నల్ల స్వెట్టర్ కొన్నాను. ఖరీదైనదే కొన్నాను.

అక్టోబరు రక్తంలో ఒక అంకె ఎక్కువొచ్చింది.
బూడో ఆసుపత్రికి నౌకలో నాలుగ్గంటలు, ఖాళీ కడుపుతో.
డాక్టర్ ఇంగెలీవ్ నా కూతురి వయసుది.
కుడిచెయ్యి తల కింద పెట్టుకోమంది.
పక్కటెముకల మధ్య చల్లటి జెల్లీ,
దాని మీద ఒక చిన్న మొద్దు కడ్డీ.
టక్.
టక్.
పదిసార్లు తలుపు తట్టింది.
లోపలివాళ్లు పలకలేదు.
చర్మం అరుస్తుంది, గోకమంటుంది, రాత్రంతా నిద్ర లేపుతుంది.
కార్జం పలకదు. మునిగేదాకా పలకదు.

"తాగుతారా?"
ఏడాదికి రెండు గ్లాసులు అన్నాను,
కొత్త చేప విందులో, ఆ కార్జంతోనే.
నమ్మలేదేమో అని ఒళ్లు బిగిసింది.
ఆవిడే చెప్పింది:
ఈ మంట చర్మం దగ్గర ఆగదట.
సోరియాసిస్ ఉన్నవాళ్ల కాలేయానికి
కొవ్వు పట్టడం మామూలుకంటే ఎక్కువేనట.
జబ్బు కొంత, మాత్ర కొంత, నడుం చుట్టుకొలత కొంత.
ఎవరి వాటా ఎంతో మిషను చెప్పదు.
"తొమ్మిదికి కాస్త తక్కువ," అంది తెర చూసి.
ఏమిటి తొమ్మిది?
"బిగుతు."

ఇన్నేళ్లూ బొటనవేలితో చూసినదానికి
ఒక అంకె ఉందని అప్పుడు తెలిసింది.

మాత్ర ఆపుదామంది. వేరే సూది మందు చూద్దామంది.
ఆ రెండు గ్లాసులూ వద్దంది. ఏడు కిలోలు తగ్గమంది.
మెత్తబడుతుందా అని అడిగాను.
"చాలాసార్లు మెత్తబడుతుంది."
ఆ 'చాలాసార్లు'ని
తిరుగు నౌకలో నాలుగ్గంటలూ నమిలాను.

ఇప్పుడు పని అయ్యాక రేవు చివరిదాకా నడుస్తాను,
గాలి ఎటు తోస్తే అటు వంగి.
నాలుగు కిలోలు తగ్గాను.
విందులో నా గ్లాసులో నీళ్లు పోసింది దైవా,
లిథువేనియా నుంచి వచ్చిన పిల్ల, తొట్టికి అవతలి వైపు నాదీ.
ఎందుకని అడగలేదు.
సూది ఇంకా కుదరలేదు, కాగితాలు ఎక్కడో ఆగాయి.
ఎడమ మోచేతి మీద మళ్లీ
క్రోనరు నాణెమంత మచ్చ.

నిన్న ఒక గరుకుది చేతికొచ్చింది.
పెద్ద చేపది. ఎన్ని సముద్రాలు ఈదిందో దీంతోనే.
విసరబోయిన చెయ్యి ఆగింది.
వెనక బెల్టు నిండిపోతోంది, ఎవరో అరుస్తున్నారు,
దైవా కళ్లతోనే ఏమైందంది.
ఏం కాలేదు.
దాన్ని పక్కన పెట్టాను.
విసరలేదు,
పెట్టాను.