నిశానీ

మా నాన్న నిశానీ మనిషి.
రిజిస్ట్రారాఫీసులో, సొసైటీ బ్యాంకులో
ఎవరో ఒకరు ఆయన బొటనవేలు పట్టుకుని
సిరాలో అద్ది కాగితం మీద దొర్లించేవారు.
ఆ మరక తలకి తుడుచుకుంటూ బయటికొచ్చి
"నువ్వు మాత్రం సంతకం నేర్చుకోరా సైదా" అనేవాడు.

నేర్చుకున్నాను.
ఐటీఐ టర్నర్ సర్టిఫికెట్టు మీద
షేక్ సైదావలి, కింద గీత,
గీత కింద రెండు చుక్కలు.

ఇవాళ గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో
కిటికీ అవతల అమ్మాయి అంటోంది:
"వేలు పెట్టండి."
కట్టు చూపించాను.
"పోనీ సంతకం చెయ్యండి."
ఎడమచేత్తో చేశాను. 'షే' దగ్గరే దారి తప్పింది.
"కలవట్లేదండీ."
ఆ పిల్ల తప్పేం లేదు. నాకూ కలవట్లేదు.

ఆ రోజు ప్రెస్సు మనిషి రాలేదు.
నా లేతు ఆపించి అక్కడ కూర్చోబెట్టారు.
గార్డు ఎప్పుడో ఊడదీసి గోడకానించారు,
తీసేస్తే గంటకి నలభై ముక్కలు ఎక్కువొస్తాయని.
దాని మీద మేమే తువ్వాళ్ళు ఆరేసుకునేవాళ్ళం.
రిపోర్టులో ఆ సంగతి లేదు.
"కార్మికుని అజాగ్రత్త వలన" అని ఉంది.

పిచ్చేశ్వరరావుగారు ఇంటికొచ్చి
కవరు దిండు పక్కన పెట్టి
మంచంకోడు వైపు చూస్తూ చెప్పారు:
"నీ పని ఎక్కడికీ పోదు సైదా."
నిజమే, పని ఎక్కడికీ పోలేదు.
నా లేతు మీదే ఉంది.
దాని ముందు ఇప్పుడు పోలేశు ఉన్నాడు.
కవర్లో ఎంతుందో మస్తాన్‌బీ ఇంకా చూడలేదు,
లెక్కపెడితే ఒప్పుకున్నట్టేనట.

ఆటోనగర్ టీ బండి దగ్గర ఎవరో
ఏకలవ్యుడివిరా అన్నారు, ఓదార్పుకి.
ఆయన్ని అడిగి తీసుకున్నారు కదా అన్నాను.
ఆ పూట టీకి డబ్బులు తీసుకోలేదు.

వచ్చే నెల ఇరవై మూడున మెడికల్ బోర్డు.
బొటనవేలుకి ముప్పై శాతం ఇస్తారట.
వరండాలో తెనాలి బాయిలర్ మనిషి చెప్పాడు.
చెవికి తక్కువట. అది కాస్త ఈర్ష్యగా చెప్పాడు,
లేని చెవి నా వైపు తిప్పి.

మొన్న డాక్టరుగారు పెన్ను మూత తీసి అడిగారు:
"ఏం రాయమంటావ్?"
ఫిట్ అని రాస్తే చేతికొచ్చే డబ్బు ఆగుతుంది,
రాయకపోతే గేటులోపలికి రానివ్వరు.
"ఇంకో పదిరోజులు" అన్నాను,
అప్పు అడిగినట్టు.

బెంజి సర్కిల్ దాకా బస్సులో నిలబడే
ఆ ముప్పైని విడగొట్టుకుంటూ వచ్చాను.
చొక్కా గుండీకి ఎంత,
రిజ్వానా జడ రిబ్బను ముడికి ఎంత.
షాఫ్టు మీద వేలు జారిస్తే చాలు,
మైక్రోమీటరు కంటే ముందే
రెండు పాయింట్లు లావుందని తెలిసేది.
అది ఏ గడిలో రాస్తారు?

రాత్రి తొమ్మిదిన్నరకి పోలేశు వచ్చాడు.
చంకలో పేపరు చుట్టిన షాఫ్టు.
గుమ్మం దాటలేదు.
"అన్నా, బేరింగు ఎక్కట్లా. ఒక్కసారి చూడవా."
వాడి కళ్ళు నా కట్టు మీద వాలకుండా
క్యాలెండరు చుట్టూ తిరుగుతున్నాయి.

కోపం రావాలి. వెతుక్కున్నాను, రాలేదు.
ఎడమ వేలుతో తడిమాను. ఇనుము, అంతే.
కళ్ళు మూసుకున్నాను.
కట్టు లోపల లేని వేలు
దానంతటది జారింది.

"రెండు పాయింట్లు... కాదు, ఒకటిన్నర.
ఎమరీ పేపరు చాల్లే, టూలు పెట్టకు."
వాడు నమ్మి వెళ్ళిపోయాడు.
పొద్దున మైక్రోమీటరు ఏమంటుందో మరి.

బోర్డు కాగితం మడిచి దాచబోతే
సంతకం గడిలో మరక పడింది.
ఎడమ బొటనవేలు, షాఫ్టు నూనె,
నల్లగా, సుడి సుడిగా.

చెయ్యి తలకి తుడుచుకున్నాను.