వేరు

ప్రాజెక్టు పేరు లంకా.
మీరనుకునే లంక కాదు, ఫిన్నిష్‌లో నూలుపోగు.
టాంపెరెలో, ఒకప్పటి బట్టలమిల్లు మూడో అంతస్తులో
పదమూడేళ్ల కిందట మొదలైంది.
ఒకటే రిపో, తొమ్మిది భాషలు.
సీ ప్లస్ ప్లస్ తుమ్మితే రూబీకి జ్వరం.
జావాలో ఎవరో ఒక కామా కదిపితే
అందరి టెస్టులూ మొదటినుంచీ,
నలభై ఏడు నిమిషాలు.

ఆ నలభై ఏడు నిమిషాలూ రైలీవి.
కోటు తగిలించుకుని మెట్లు దిగి
వంతెన మీద నిలబడి నీళ్లు చూసొచ్చేది.
రూబీని చూసుకునేది ఆమె ఒక్కతే.
రెండు లైన్ల దిద్దుబాటు కూడా
మిగతా ఎనిమిదీ ముస్తాబై బయల్దేరేదాకా
గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడాల్సిందే.

విడిపోదామని ముందు ఎవరన్నారు?
ఇల్పో అన్నాడని రైలీ, రైలీ అన్నదని ఇల్పో.
గొడవేం లేదు.
కోడ్ మీద అలిగే వయసు ఇద్దరికీ దాటిపోయింది.

జనవరి. మూడున్నరకే చీకటి.
బల్ల మీద నల్ల సాసేజీ, లింగన్ జామ్, పంపకాలు.
లైసెన్సు నువ్వూ ఉంచుకో, పంచితే తరిగేది కాదుగా.
ఇష్యూలు రెండొందల పన్నెండు,
రూబీ అని చీటీ ఉన్నవన్నీ నీవి,
చీటీ లేనివి కూడా కొన్ని నీవే, నాకు తెలుసు.
టెస్టు డేటా దగ్గర ఆగారు.
లేని తేదీలు, సగం విరిగిన అక్షరాలు,
ఎవరో కడుపుమంటతో పంపిన నాలుగు మెగాబైట్ల చెత్త:
తొమ్మిది భాషలూ దాన్ని తినే గట్టిపడ్డాయి.
చెరో కాపీ అంటే రేపటికి రెండు అబద్ధాలు.
చివరికి దానికో మూడో రిపో.
తాళం ఇద్దరిదీ, ఊడ్చే వంతు ఎవరిదో తేలలేదు.

చరిత్రను వడగట్టే కమాండ్
పంతొమ్మిది సెకన్లు నడిచింది.
పదకొండు వేల కమిట్లలో పద్నాలుగు వందలు మిగిలాయి.
ప్రతిదానికీ కొత్త నంబరు.
పాత నంబరు పట్టుకుని ఎవరొచ్చినా
ఇక్కడ అలాంటివాళ్లెవరూ లేరనే జవాబు.

కింది నుంచి పైకి చదువుతూ పోయింది రైలీ.
ఒకచోట ఓస్మో.
'రెండు వైపులా సరిచేశాను.
ఒకటి ముట్టుకుంటే రెండోదీ ముట్టుకోండి.'
చూస్తే, ఉన్నది ఒక్కటే ఫైలు.
రెండో వైపు లేదు.
ఓస్మో పోయి నాలుగు చలికాలాలు.

సందేశం మార్చెయ్, అన్నాడు ఇల్పో,
కొత్తగా వచ్చే పిల్లలు కంగారుపడతారు.
పడనీ, అంది.

ఇంకా కిందికి, అట్టడుగుకి.
అసలు మొదటి కమిట్ ఇటు రాలేదు, అందులో రూబీ లేదు కనుక.
ఇప్పుడు మొదలు ఇది:
ఒక వేసవిలో వచ్చి వెళ్లిన యూత్తా అనే అమ్మాయి
ఒక్క లైను ఫైలు పెట్టి రాసిన మాట,
'రూబీకి చోటు. ఇంకా ఏమీ లేదు.'
నేల కిందిదీ వేరే, విడిగా ఉన్నదీ వేరే మనకు.
రైలీకి ఆ సంగతి తెలియదు.
తెలియకుండానే ఆ లైను దగ్గర చాలాసేపు ఉంది.

తొలి పుష్ చేసి
అలవాటుగా కోటు తగిలించుకుంది.
రెండో అంతస్తు మెట్ల మీదే ఫోను పచ్చగా వెలిగింది.
అన్నీ పాస్. మూడు నిమిషాలు.
వెనక్కి వెళ్దామా అని ఒక మెట్టెక్కి
మళ్లీ దిగింది.

వంతెన మీద మంచు. కింద నీళ్లు గడ్డకట్టలేదు,
అక్కడ ఆ వడికి కట్టదు.
ఇల్పో నుంచి మెసేజ్:
'మా వైపు ఏదో విరిగింది. నీదేనా?'
ఇక నాది కాదు, అని టైపు చేసింది.
చేతితొడుగు నోటితో పట్టుకుని
ఒక్కో అక్షరం చెరిపి
'చూస్తానుండు' అని పంపింది.