తూర్పుకు ఏమున్నది

ఓదెలు సార్ కవి కాదు, దస్తావేజుల లేఖరి.
హన్మకొండ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందట
రేకుల కింద ముప్పైయెనిమిదేండ్లు కూసొని
ఎన్ని ఊళ్ల చెల్కలనో చేతులు మార్చిండు.
తనకు మాత్రం కిరాయి అర్రనే.

నేను ఎనుమాముల మార్కెట్ల
అడ్తి దుకాణంల తక్‌పట్టీలు రాసేదాన్ని.
ముందు దిక్కు తరుగు, హమాలీ, కమీషన్.
వెనుక దిక్కు కవిత్వం.
అట్లాంటి పట్టీ ఒకటి
ఏ రైతు అంగీ జేబులనో పోయి
సార్ బల్ల మీద తేలింది.
వారానికి వాపసొచ్చింది, పెన్సిల్ గీతలతోటి.
కింద ఒక్క మాట: ఆయితారం రా.

కుమార్‌పల్లి గల్లీల మేడ మీది అర్ర.
ఉన్నది ఒక్కటే కుర్చీ. అది నాకిచ్చి
తను బియ్యం డ్రమ్ము మీద కూసున్నడు.
"దుఃఖం అని రాసినవ్. ఎన్ని గుంటలు?"
నవ్వుతడేమో అని చూసిన. నవ్వలే.
"తూర్పుకు ఏమున్నది దానికి?
పడమరకు ఎవరి చెల్క?
హద్దులు రాయని భూమి
ఎవరిదైనా అయితది బిడ్డా,
అంటే ఎవరిదీ కాదు."

అలిగిన. రెండు ఆయితారాలు పోలే.
మూడో ఆయితారం పోతే
ఎందుకు రాలేదని అడగలే,
సాసర్ల చాయ్ పోసి ముందటికి జరిపిండు.

ఆ రోజు అమ్మ మీద రాసుకపోయిన.
యార్డుల మిర్చి తొడిమెలు తీసే అమ్మ.
ఆమె చేతులు మండే సూర్యుళ్లు అన్న.
సూర్యుళ్లను కొట్టేసిండు, రెండింటినీ.
"ఇంటికొచ్చినంక ఆ చేతులు ఏం చేసేవి?"
అన్నం కలపకపోయేది సార్, చెంచతోటి పెట్టేది.
"ఇంకా?"
ఇంకేం లేదు సార్.
"నువ్వు ఏడిస్తే?"

అప్పుడు యాదికొచ్చింది.
ఎంత కడిగినా మంట పోని వేళ్లు గదా,
అమ్మ నా కండ్లు ఎన్నడూ చేత్తోటి తుడవలే.
మోచేత్తోటి తుడిచేది.
ఎముక తగిలేది.

చానసేపు నాకు మాట రాలే.
సార్ లేచి కిటికీ కాడికి పోయి
కింద ఎవరో స్కూటర్‌కు కిక్కు కొడుతుంటే
అది స్టార్టయ్యేదాక చూసిండు.
"గదే నీ తూర్పు" అన్నడు, ఇటు తిరగకుండనే.

మూడేండ్లు.
రుద్దొద్దనేటోడు. కొట్టేసిన మాట
కనపడాలె, పక్కన పొట్టి సంతకం ఉండాలె,
రేపు ఎవలన్నా అడిగితే
నేనే కొట్టేసిన అని చెప్పేటట్టు.
నేను సముద్రం అని రాస్తే
"వరంగల్‌ల సముద్రం ఏడిది?
వడ్డేపల్లి చెరువు కాడికన్నా పోయినవా ఎన్నడన్న?"
కొన్ని మంచి మాటలు కూడా కొట్టేసిండు.
"ఎండకు ఆరబోసిన ఎర్ర వాగు"
ఉండాల్సిందనే ఇప్పటికీ అంట.
మార్చి నెలల మార్కెట్ అట్లనే ఉంటది,
నమ్మకపోతే పొయ్యి చూడుండ్రి.

మొన్న ముసురు పట్టిన ఆయితారం
మెత్త కింద నుంచి మడత కాయితం తీసిండు.
బాండ్ పేపర్. అలవాటు పోలేదు.
ఆండాలమ్మ పోయిన ఏడేండ్లకు
సార్ తన కోసం రాసుకున్న మొదటి పేజీ.
చక్కటి దస్తూరి. చదివిన.
"నువ్వు లేని నేను
తీరం లేని సముద్రం..."

తల ఎత్తలేకపోయిన.
సార్ చెవి మీది పెన్సిల్ తీసి
నా చేతిల పెట్టిండు.
గీత వంకర పోయింది.
అయినా కొట్టేసిన, సముద్రాన్ని.
పక్కన పొట్టి సంతకం పెట్టిన.

తూర్పుకు ఏమున్నది సార్?

వాన రేకుల మీద కొడుతుంది.
నా మాట వినపడలేదేమో అనుకున్న.
"స్విచ్చు" అన్నడు.
"తూర్పు గోడకు స్విచ్చున్నది.
ఆ పక్క ఆమె పండుతుండె.
లైటు రోజూ ఆమెనే బందుచేసేది.
ఇప్పుడు నేను లేవాలె,
ఆమె జాగ దాటుకొని పోవాలె."

గదే సార్, అది రాయుండ్రి
అని నేను అనలే.
లేచి కుర్చీ ఆయన దిక్కు జరిపి
డ్రమ్ము మీద కూసున్న.
లోపల బియ్యం అడుక్కు పోయినట్టున్నయి,
బోలుగ మోగింది.