లాభం, రెండు, మూడు

ముప్ఫై ఒక్క ఏళ్లుగా గుంటూరు మిర్చియార్డులో
టిక్కీలు లెక్కపెడుతున్నవాణ్ణి.
నన్నొకరు లెక్కపెట్టడం మాత్రం
చైనాలోనే మొదలు.

టార్గెట్ దాటిన డీలర్లకు
పురుగుమందుల కంపెనీ ఇచ్చిన యాత్ర అది.
మా షావుకారు పున్నారావు గారి మోకాళ్లు ఒప్పుకోలేదు.
"యలమందా, నువ్వెళ్లిరా. మన తేజా కాయ
ఎవడు తింటున్నాడో చూసిరా" అన్నాడు,
కాటా మీద నుంచి తల ఎత్తకుండానే.

ఇరవై ముగ్గురం. పంతొమ్మిది రోజులు.
నరసరావుపేట వాళ్లు, పిడుగురాళ్ల మస్తాన్‌వలి,
పదకొండు సీసాల గోంగూర.
ముందు నడిచే పిల్ల పేరు లియాన్.
చేతిలో పసుపు జెండా,
దాని కొసన వేలాడే గుడ్డ పాండా.

బస్సెక్కితే లెక్క, దిగితే లెక్క.
పెద్దగోడ మీద గాలికి టోపీ అదిమిపట్టుకుని లెక్క.
బుల్లెట్ రైలు ప్లాట్‌ఫారం మీద
రెండు నిమిషాల్లో రెండుసార్లు లెక్క.
చూపుడువేలు మా తలల మీద ఆడిస్తూ
ఈ, అర్, సాన్...
నాకు తెలుసు ఆ వేలు.
హమాలీ వీపు మీద టిక్కీ గడప దాటుతుంటే
నా వేలూ అట్లాగే ఆడుతుంది.

ఎక్కించడం, దింపడం,
నీడలో పేర్చడం, ఇంకో ఊరికి తోలడం.
సరుకు బాధ
నేను సరుకునయ్యాకే తెలిసింది.

చెంగ్డూ హోటల్ లిఫ్ట్‌లో
మూడు పక్కనే అయిదుంది.
"నాలుగేదమ్మా?" అంటే లియాన్ గొంతు తగ్గించింది.
వాళ్ల మాటలో నాలుగంటే చావులా వినిపిస్తుందట.
నేనూ గొంతు తగ్గించి చెప్పాను
మా యార్డు రహస్యం:
మేం ఒకటి అనం, లాభం అంటాం.
లాభం, రెండు, మూడు...
ఆరు తర్వాత ఆరున్నొక్కటి.
"ఎందుకు?"
ఏడంటే ఏడవమని కూడా అర్థం,
పొద్దున్నే కొట్లో ఆ మాట ఎందుకని.
ఆ పిల్ల చిన్న పుస్తకంలో రాసుకుంది,
వాళ్ల లిపిలో మా లాభం.

గ్వీజౌ కొండల్లో ఒక పల్లె.
మెట్లు మెట్లుగా వరి,
వాకిట్లో చాప మీద మిరపకాయలు.
జెండా వెంట అందరూ వెళ్లిపోయారు.
నా చెయ్యి నన్నడక్కుండా ఒక కాయ తీసి విరిచింది,
ముక్కు దగ్గర పెట్టింది.
తడి ఉంది.
తొడిమలు తీస్తున్న ముసలావిడతో తెలుగులోనే అన్నాను,
"ఇంకో రెండెండలు తగలాలమ్మా."
ఆమె ఆకాశం వంక చూసి
రెండు వేళ్లు చూపించింది.
అరగంట కూచుని తొడిమలు తీశాను.
ఆమె దగ్గితే నేను దగ్గాను.
బస్సులో లెక్క ఇరవై రెండే వచ్చిందట.
లియాన్ పరుగెత్తుకొచ్చింది, మొహం పాలిపోయి.
మస్తాన్‌వలి తిట్టాడు కూడా.

మా కాయ ఎవడు తింటున్నాడో నాకు సరిగ్గా తెలియలేదు.
ఎర్రనూనె మరిగే ఒక గిన్నెలో
తేజాలాగే తేలుతున్నవి చూశాను.
తేజానో కాదో.
షావుకారికి మాత్రం అవునని చెప్పాను.

చివరి రోజు విమానాశ్రయంలో
జెండా మడిచి చంకలో పెట్టుకుని
ఆ పిల్ల ఆఖరి లెక్క మొదలుపెట్టింది.
"లాబమ్."
మావాళ్లంతా ఒక్కసారి నిశ్శబ్దం.
"రెందు. మూదు..."
ఒక్కో అంకె గులకరాయిలా నోట్లో దొర్లించుకుంటూ,
నాలుగు దగ్గర భయపడకుండా,
ఆరు దాకా వచ్చింది.
తర్వాత నేను.

ఆరున్నొక్కటి ఆమె నాలుకకు ఎక్కలేదు.
పుస్తకం తిరగేసింది, దొరకలేదు.
నా వైపు వేలు చూపించి
మెల్లగా అంది:
"ఏదు."

యార్డులో అయితే
ఘాటు మీదికి తోసేసేవాణ్ణి.
అక్కడ, ఆ చల్లటి అద్దాల హాల్లో,
ఏ సాకూ లేదు.
చెప్పిన మాట విన్నాను.