గుడారం కిరాయి

కోయిల్‌సాగర్ నీళ్ళు ఎనుకకు జరిగి
గరుసు నేల బయటపడ్డ కాడ
ఎనిమిది గుడారాలు, నీలంవి, నారింజవి.
రాత్రికి తొమ్మిది వందలు,
చాపా, టార్చిలైటూ కలిపి.
మైబు రసీదు రాస్తుంటే మా నాయిన అడిగిండు:
"పండుకునేటందుకా పైసలు?"

నాయిన పేరు కుర్మయ్య.
మీసాలు రాకముందే మేస్త్రి లారీ ఎక్కిండు.
ఏ డ్యాము ఏ దేశంల ఉన్నదో చెప్పరాదు ఆయనకు.
ఒకకాడ చలి, ఒకకాడ తేళ్ళు,
ఒకకాడ నీళ్ళు ఉప్పగుండెనట, గంతే.
మా అక్క గుడారంలనే పుట్టింది.
ఊరి పేరు అడిగితే
ఆధార్ కార్డుల ఏదో ఒకటి రాయించినం.

పొద్దు తుమ్మచెట్ల కిందికి దిగింది.
నేను బొగ్గుల మీద చాపను తిప్పుతున్న.
నాయిన మేకును కాలితోని తన్ని చూసిండు, ఊగింది.
"గాలి పడమటి నుంచొస్తది బిడ్డా,
మూతి గిటు పెడ్తరా ఎవలన్న?"
రాయి చేతికి తీసుకున్నడు.
మాదొక్కటే కాదు, ఎనిమిదింటి చుట్టూ తిరిగి
మేకు మేకునూ ఏటవాలుగ దిగ్గొట్టిండు.
హైదరాబాద్ పిల్లలు ఫొటోలు దిగుడు ఆపి చూసిన్రు.
చెవికి పోగున్న పిలగాడు
ఇరవై రూపాయల నోటు చేతుల పెట్టిండు,
పనిమనిషి అనుకొని.
నా ముఖం ఎర్రబడ్డది.
నాయిన నోటు మడిచి అంగి జేబుల పెట్టుకున్నడు.

రాత్రి లోపలికి రాలే.
పరుపుబండ మీద తువ్వాల పరిచి
నీళ్ళ దిక్కు మొఖం పెట్టి పండుకున్నడు.
నీళ్ళల్ల కప్పలు, అవతలి గట్టున ఒక్క దీపం.
"సల్లగుంటది, లోపలికి రా నాయినా."
"ఉండు బిడ్డా.
నీళ్ళు నింపేటాల్లకు
మమ్ముల ఇంకోకాడికి తోలుతుండె.
నిండినంక ఎట్లుంటదో
ఒక్కటి గూడ చూల్లే."
నిండలేదు నాయినా, ఇది ఎండకాలం, సగమే ఉన్నది
అనబోయి ఊకున్న.

రెండింటికి గాలి లేసింది.
గుడారాలన్నీ ఉబ్బి, గుంజులాడి,
ఉన్నకాన్నే ఉన్నయ్.
పక్క గుడారంల ఎవరో నిద్రల నవ్విన్రు.

తెల్లారి మైబుకు టార్చి వాపస్ ఇస్తుంటే
నాయిన జేబులకెల్లి ఆ నోటు తీసి
వాని చేతుల పెట్టిండు.
"గీ మేకులు పొట్టిగున్నయ్ రా.
పొడుగువి కొను."