మూడు నిమిషాల యాభై సెకన్లు

బర్న్‌లీలో వాన నిలువుగా పడదు,
పడుగులో పేకలా
కిటికీకి అడ్డంగా దూరి పోతుంది.
తొమ్మిదో తరగతి, శుక్రవారం, ఐదో పీరియడ్.
హీటర్ పక్కన ఇరవై ఎనిమిది తడి కోట్లు,
ఆరీ ఆరని ఉన్ని వాసన.
వీడియో పెట్టాను.

నూలు మిల్లుల చరిత్ర మొత్తం
మూడు నిమిషాల యాభై సెకన్లలో.
పాపం, చేసినవాళ్లు బాగానే చేశారు.
బాణాలు పరిగెత్తే పటం, బొమ్మ ఓడ, బొమ్మ పొగగొట్టం,
పొగ కూడా ఎంత శుభ్రంగా ఉందో!
వెనక పియానో.
పదకొండో సెకనుకి ఆవిరి యంత్రం.
నలభయ్యో సెకనుకి అమెరికా పత్తి,
ఆ పత్తి ఏరిన బానిసలు
కామాకీ కామాకీ మధ్య.
నిమిషంన్నరకి అక్కడ యుద్ధం, ఇక్కడ మిల్లులకి తాళం,
సూప్ కోసం వరుసలు.
"భారతదేశం నుంచి కూడా పత్తి వచ్చింది."
మూడు సెకన్లు. లెక్కపెట్టాను.
అందులో మావాళ్లెవరైనా ఉండుంటే
నేను కప్పు కింద పెట్టేలోపే దాటిపోయుంటారు.

అవును, కప్పు.
నిజం చెప్పొద్దూ,
ఆ నాలుగు నిమిషాలు పిల్లలు కుదురుగా ఉంటారని,
టీ చల్లారకముందే తాగొచ్చని
పెడతాను నేను ఈ వీడియోలు.

రెండు నిమిషాల పది దగ్గర
మగ్గాల గది, పాత నలుపు తెలుపు ఫిల్ము.
ఆడవాళ్లు ఒకరికొకరు ఏదో చెప్పుకుంటున్నారు,
నోరు సాగదీసి,
పెదాలతో అక్షరాలు చెక్కుతున్నట్టు.
పైన పియానో మోగుతూనే ఉంది.

వెనక బెంచీలోంచి బ్రియనీ ఎంట్విసిల్,
ఏడాదంతా చెయ్యెత్తని పిల్ల,
"ఆ పియానో ఆపండి మిస్" అంది.
ఆపాను.
"మా జేజమ్మ అలాగే మాట్లాడేదట.
మోతలో మాట వినపడదు కదా, పెదాలు చదవాలి.
మిల్లు మూసేశాక వంటింట్లోనూ అంతే.
చర్చిలో గుసగుసలాడేవాళ్లకి
ఆమె అంటే హడల్."

వెనక్కి జరిపాను. మళ్లీ, చప్పుడు లేకుండా.
బ్రియనీ తెర దగ్గరికొచ్చి వేలు పెట్టి చదివింది:
"కాళ్లు... కాళ్లు పీకుతున్నాయంటోంది.
పక్కామె... శనివారం... ఎవరో మగాడి పేరు."
క్లాసు గొల్లుమంది.
చదివిందో, అల్లిందో.
అల్లితే అల్లింది.
ఈ పాఠం ఆరేళ్లుగా చెబుతున్నాను,
ఎవరికైనా కాళ్లు నొప్పెట్టడం ఇదే మొదలు.

అప్పుడు ఉబైద్, ఎవరితోనూ కాదన్నట్టు:
"మా దాదా రాత్రి షిఫ్టు చేశాడు, డెబ్బై మూడులో.
ఇందులో రాత్రి లేదు."
వెతికాం.
గీత మీద చుక్కని ముందుకీ వెనక్కీ జరిపి జరిపి వెతికాం.
నిజమే. మూడు నిమిషాల యాభై సెకన్లూ పగలే.
పద్నాలుగు యుద్ధం దగ్గర ఎగిరి
"తర్వాత మిల్లులు మూతపడ్డాయి" మీద దూకుతుంది ఆ గొంతు.
ఉబైద్ తాత తెల్లారి ఆరింటికి దిగిన మెట్లు
ఆ గెంతు కింద ఎక్కడో ఉన్నాయి.

పోగు తెగితే మగ్గం ఆపాలి.
తెగిన కొస వెతికి, వేలికి తడి చేసుకుని ముడెయ్యాలి.
ఆపకపోయినా బట్ట వస్తుంది, రాకపోదు,
కట్టుకున్నవాడికి తెలుస్తుంది.
నేత మా ఇంట్లో ఎవరికీ రాదు,
ఈ మాట మాత్రం ఎలాగో వచ్చింది.

గంట కొట్టారు.
కారిడార్లో మిసెస్ ఆక్రాయిడ్, "అయిందా?"
"లేదండీ, సగంలో ఉంది."
"నాలుగు నిమిషాలదేగా!"
వచ్చేవారం మొదటి ప్రపంచ యుద్ధం.
ఆరు నిమిషాలట.

కిటికీ అవతల బస్టాపులో
బ్రియనీ, ఉబైద్, ఇంకో ఇద్దరు,
వానలో నోళ్లు ఇంతేసి తెరిచి
చప్పుడు లేకుండా ఏదో అనుకుంటున్నారు, పగలబడుతున్నారు.
అద్దానికి ముక్కు ఆనించి చూశాను.
నాకు అందింది ఒక్క "మిస్".
మిగతాది నా గురించే అయ్యుండాలి.